ఉచ్చ పోసిందా?

మా రోజుల్లో గుండె దెబ్బతిని ఎగశ్వాసతో వచ్చిన కుక్కకి ఒంటినీరు తీసే లాసిక్స్ ఇంజెక్షన్ చేశాక అరగంటా గంటా ఎవరూ అక్కణ్ణించి కదిలేవాళ్ళు కాదు. డాక్టరూ, కాంపౌండరూ, కుక్కని తెచ్చినవాళ్ళూ అందరూ దాని డొక్కల వంకే చూస్తూ కూర్చునేవాళ్ళు. అది మెల్లిగా లేచి గోడవారన ఉచ్చ పోస్తే అందరి ప్రాణాలూ కుదుటపడేవి. మర్నాడు పొద్దున్నే కబురు తెచ్చిన మనిషిని మేం అడిగే మొదటి మాటా అదే. “ఉచ్చ పోసిందా? ఎన్నిసార్లు? రాత్రి పడుకుందా, కూర్చునే ఉందా?” ఇవాళ ఈ ప్రశ్నలు అడిగేవాళ్ళు తగ్గారు. అడిగినా జవాబు చెప్పగలిగే ఇల్లు కనబడటం లేదు. నాకు కడుపు మండేది అక్కడే.

నేను తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదివి, కృష్ణా డెల్టాలో పశువుల డాక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఆసుపత్రికి వచ్చేవి ఎక్కువగా గేదెలూ ఎడ్లూను. కుక్కకి వైద్యమేమిటని నవ్వే కాలం అది. బ్యాంకు ఉద్యోగుల ఇళ్ళలో, మేష్టర్ల ఇళ్ళలో తెల్లబొచ్చు కుక్కల్ని పెంచడం మొదలయ్యాకే మాకు గుండెజబ్బు కుక్కలు ఎదురుపడ్డాయి. జనం వాటిని పమేరియన్లనేవాళ్ళు. చాలావరకు అవి మన దేశంలో పెరిగిన స్పిట్జ్ జాతివి. చిన్న జాతి కుక్కలకి వయసు మీరేకొద్దీ గుండె ఎడమవైపు కవాటం ముడుచుకుపోయి సరిగ్గా మూసుకోదు. కుక్కల్లో కనబడే గుండెజబ్బుల్లో అత్యధికం ఇదే. డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో గుండె కండరమే సాగి బలహీనపడుతుంది. దారి ఏదైనా చివరికి చేరేది ఒకచోటికే. రక్తం ముందుకి పోక వెనక్కి తన్ని, ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరిగి, నీరు ఊపిరితిత్తుల్లోకి ఊరుతుంది. గుండె కుడివైపు దెబ్బతింటే ఆ నీరు పొట్టలో చేరుతుంది.

తూము తలుపు పుచ్చిపోతే చేలో నీళ్ళు నిలిచినట్టే ఇదీను. లాసిక్స్ ఆ నీటిని తోడిపోస్తుంది కానీ తలుపుని బాగుచేయదు. ఈ ఒక్క ముక్క ఇంటివాళ్ళ బుర్రకెక్కితే సగం వైద్యం అయినట్టేనని మా గురువులు చెప్పేవారు.

ఆ గురువుల కాలంలో తోడిపోసే సాధనమే సరిగ్గా లేదు. 1919లో వియన్నాలో సవాయి జబ్బుకి పాదరసం మందు ఇస్తే రోగికి మూత్రం విపరీతంగా వచ్చింది. అది గమనించినప్పటి నుంచీ పాదరసం ఇంజెక్షన్లే ఒంటినీరు తీసే ప్రధానమైన మందు. మనుషులకీ అవే, కుక్కలకీ అవే. నీరుతోపాటు మూత్రపిండాల్నీ తీసుకుపోయే మందది. 1950ల చివర థయజైడ్ మాత్రలు వచ్చాయి. 1960ల మధ్యలో జర్మనీ హెక్‌స్ట్ కంపెనీ వాళ్ళ ఫ్యూరోసెమైడ్, అంటే మన లాసిక్స్, వచ్చింది. మూత్రపిండంలో వడపోత అయ్యాక ఒంట్లోకి తిరిగి రావలసిన ఉప్పుని అది దారిలోనే అడ్డుకుంటుంది. ఉప్పుతోపాటు నీరూ బయటికి పోతుంది. నరానికి ఎక్కిస్తే ఐదు నిమిషాల్లో పని మొదలవుతుంది, అరగంటకి జోరందుకుంటుంది, రెండు గంటలు పనిచేస్తుంది. మాత్రగా మింగిస్తే గంటలోపు మొదలై ఆరు గంటలదాకా ఉంటుంది. అది చేతిలో పడ్డరోజున మాకు ఎంత ధైర్యం వచ్చిందో ఈ కాలం పిల్లలకి చెప్పినా అర్థం కాదు. అంతకుముందు మా దగ్గరున్నవి డిజాక్సిన్ మాత్ర, డెరిఫిల్లిన్ సూది, పొట్టలో నీరు తీయడానికో సూదీ గొట్టం. అంతే.

అంత గొప్ప మందుని ఇవాళ ఎంత చులకన చేస్తున్నారో చూస్తుంటే బాధేస్తుంది.

మొదట ప్రాణం మీదికి వచ్చిన కుక్క సంగతే చెబుతాను. మోచేతులు రెండువైపులా ఎడం చేసి, మెడ ముందుకి చాచి, నోరు తెరిచి, నాలుక నీలం తిరిగి కూర్చుందంటే ఊపిరితిత్తులు నీటితో నిండాయనే లెక్క. దాన్ని పడుకోబెట్టకూడదు, బలవంతంగా పట్టుకోకూడదు, నలుగురు చుట్టూ మూగకూడదు. మా దగ్గర ఎక్స్‌రే లేదు. కావాలంటే సాయంత్రం మనుషుల రోగులంతా వెళ్ళాక ఎక్స్‌రే తీసే ఆయన్ని బతిమాలుకోవాలి. అందుకని చెవీ చెయ్యీ నమ్ముకునేవాళ్ళం. స్టెతస్కోపు పెట్టి గుండెలో మర్మర్ అనే అదనపు చప్పుడూ, ఊపిరితిత్తుల్లో చిటపటలూ విని, కిలోకి రెండు మిల్లీగ్రాముల లెక్కన ఇంజెక్షన్ చేసి, చీకటిగా చల్లగా ఉన్న మూల వదిలేసేవాళ్ళం. ఊపిరి నెమ్మదించకపోతే గంటకి మళ్ళీ ఇచ్చేవాళ్ళం. ఇప్పుడు ఆక్సిజన్ ఉంది, ఎక్స్‌రే ఉంది, గుండె స్కానింగు ఉంది. ఉండి ఏం లాభం? కొన్నిచోట్ల ముందు ఎక్స్‌రే బల్ల మీద వెల్లకిలా పడుకోబెడుతున్నారు, తర్వాతే సూది. అలా బల్ల మీదే ప్రాణం వదిలిన కుక్కల గురించి విన్నప్పుడల్లా నాకు నిద్రపట్టదు. ముందు ఆక్సిజన్, ఇంజెక్షన్. అది తెరిపిన పడ్డాక ఫొటోలు. ఇందులో వాదించడానికేమీ లేదు.

రెండో సంగతి, అవసరం లేనిచోట మందు వాడటం. స్టెతస్కోపుకి మర్మర్ వినబడగానే లాసిక్స్ రాసేస్తున్నారు. మర్మర్ ఉన్న కుక్క ఏళ్ళతరబడి హాయిగా పరిగెత్తవచ్చు. ఒంట్లో నీరు చేరనిదే నీరు తీసే మందెందుకు? ముసలి పమేరియన్ దగ్గితే అది గుండె దగ్గే కానక్కర్లేదు. ఆ జాతికి గాలిగొట్టం నలిగిపోయే జబ్బుంది, దానికీ గొంతు జీరతో దగ్గు వస్తుంది. పెరిగిన గుండె గాలిగొట్టాన్ని నొక్కినా దగ్గు వస్తుంది, అప్పుడూ ఊపిరితిత్తుల్లో నీరు ఉండకపోవచ్చు. అలాంటి కుక్కకి ఈ మాత్ర ఇస్తే దగ్గు తగ్గదు, ఒళ్ళు మాత్రం ఎండిపోతుంది. 2019లో అమెరికా పశువైద్య నిపుణుల సంస్థ ఏసీవీఐఎమ్ ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నీరు చేరిన దశ నుంచే ఈ మందు వాడమంటాయి. మేం ఆ కాగితం చూడకముందే దగ్గుని దగ్గుగా, ఆయాసాన్ని ఆయాసంగా వేరుచేసి చూసేవాళ్ళం. పొద్దున లేవగానే దగ్గుతోందా, రాత్రి పడుకున్నాక దగ్గుతోందా, నీళ్ళు తాగినప్పుడా, గొలుసు లాగినప్పుడా అని గుచ్చిగుచ్చి అడిగేవాళ్ళం. పావుగంట అడిగితే సగం రోగం అక్కడే తేలేది. ఇప్పుడు ఆ పావుగంట ఎవరి దగ్గరా లేదు.

మూడోది మోతాదు. మా ఆసుపత్రిలో కుక్కల కాటా ఉండేది కాదు. యజమానిని పచారీ కొట్టు బస్తాల కాటా ఎక్కించి, కుక్కని చంకనెత్తుకుని మళ్ళీ ఎక్కమని, తేడా రాసుకునేవాళ్ళం. అలా తూచాకే మందు. ఇప్పుడు ప్రతి క్లినిక్కులోనూ మెరిసే కాటా ఉంది. కానీ మందు మాత్రం ఫోనులో “ఓ అర వేయండి” అంటూ సాగుతోంది. ఎనిమిది కిలోల కుక్కకి కిలోకి 2 మి.గ్రా. చొప్పున పూటకి 16 మి.గ్రా. అవుతుంది. మందుల షాపులో దొరికేది మనుషుల 40 మి.గ్రా. మాత్ర. అందులో సగం కంటే కాస్త తక్కువ. నాలుగు కిలోల కుక్కకి ఆ “అర” రెట్టింపుకి మించిపోతుంది, ముప్ఫై కిలోల లాబ్రడార్‌కి ఏ మూలకీ చాలదు.

దానికితోడు ఇప్పుడు టార్సెమైడ్ వచ్చింది. మంచి మందే, ఎక్కువసేపు పనిచేస్తుంది. లాసిక్స్ పెంచుకుంటూ పోయినా నీరు ఆగని కుక్కల్ని నిలబెడుతోంది. కానీ అది లాసిక్స్ కంటే పది నుంచి ఇరవై రెట్లు గట్టిది. ఇందాకటి ఎనిమిది కిలోల కుక్కకి రెండు పూటలకీ కలిపి రోజు మొత్తానికి 32 మి.గ్రా. లాసిక్స్ బదులు టార్సెమైడ్ ఇవ్వాలంటే 3 మి.గ్రా. దాటకూడదు. “అది లేదండీ, ఇదీ అలాంటిదే” అని షాపులో 10 మి.గ్రా. మాత్ర చేతిలో పెడితే, ఇంట్లో అలవాటు ప్రకారం పూటకో అర వేస్తే, ఆ కుక్క మూత్రపిండాలు ఏం కావాలి? మా రోజుల్లో కాంపౌండరు పొట్లం కట్టి, దాని మీద పెన్సిలుతో పూటలు గీసి ఇచ్చేవాడు. చదువురాని ముసలమ్మ కూడా తప్పు వేసేది కాదు.

నాలుగోది నాకు ఒళ్ళు మండే విషయం. నీళ్ళ గిన్నె తీసేయడం! మాత్ర వేశాక కుక్క ఎక్కువ ఉచ్చ పోస్తుంది, అందుకని ఎక్కువ నీళ్ళు తాగుతుంది. మందు పనిచేస్తోందనడానికి గుర్తే అది. అపార్ట్‌మెంటులో నేల పాడవుతోందనీ, కొత్త సోఫా తడుస్తోందనీ, లిఫ్టులో పక్కవాళ్ళు గొణుగుతున్నారనీ నీళ్ళు ఆపేస్తున్నారు. ఒంట్లోంచి నీరు తీస్తూ, నోటికి నీరు అందకుండా చేస్తే రెండు మూడు రోజుల్లో అది వాంతులు చేసుకుని, ముద్ద ముట్టక, నీరసంతో కూలబడుతుంది. మూత్రపిండాల తీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో పెరిగిపోతుంది. ఇంకొందరు ఉచ్చ గోల పడలేక రాత్రి మాత్ర ఎగ్గొడతారు. తెల్లవారేసరికి కుక్క నోరు తెరుచుకుని కూర్చుంటుంది. మా రోజుల్లో పెరడు ఉండేది, మట్టి ఉండేది, ఎవరికీ ఆ బాధ లేదు నిజమే. ఇప్పుడు పెరడు లేకపోతే గడియారం ఉందిగా! మాత్ర వేసిన గంటకీ రెండు గంటలకీ ఉచ్చ జోరుగా వస్తుంది. పొద్దున ఆరింటికి వేసి ఏడింటికి కిందికి తిప్పండి, ఎనిమిదింటికి ఇంకోసారి తిప్పండి. సాయంత్రం ఆరింటికి వేస్తే పడుకోబోయేలోపు చాలావరకు పోసేస్తుంది. కుక్కని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళు ఈపాటి మెట్లు దిగలేరా?

ఐదోది ఊపిరి లెక్క. ఇది డబ్బు ఖర్చు లేని పరీక్ష. దీన్ని మించిన పరీక్ష కూడా లేదు. గాఢంగా నిద్రపోతున్న కుక్క నిమిషానికి ముప్ఫైలోపే ఊపిరి తీస్తుంది. ఛాతీ ఒకసారి లేచి పడితే ఒకటి. గుండెజబ్బు కుక్కకి ఆ లెక్క రోజురోజుకీ పెరుగుతూ ముప్ఫై దాటి నిలిచిందంటే, దగ్గు లేకపోయినా, తోక ఊపుతున్నా, లోపల నీరు మళ్ళీ చేరుతోందన్నమాట. ఆ రోజే డాక్టరుకి చెబితే మాత్ర మోతాదు సర్ది గండం గడిపేయవచ్చు. మూడు రోజులు ఆగితే మళ్ళీ ఆక్సిజన్, మళ్ళీ ఇంజెక్షన్, మళ్ళీ చావుబతుకులు. పాతరోజుల్లో ఇంట్లో ఒక బామ్మ ఉండేది. మధ్యాహ్నం వత్తులు చేసుకుంటూ అరుగు మీద కూర్చుని, పక్కన పడుకున్న కుక్క డొక్కలు నిన్నటి కంటే ఇవాళ గబగబా ఎగురుతున్నాయని కనిపెట్టి కబురు చేసేది. ఆవిడకి అంకెలు అక్కర్లేదు, చూపుంది. ఇప్పటి ఇళ్ళలో పగలంతా కుక్క ఒంటరిగా ఉంటుంది. సాయంత్రం అందరూ వచ్చినా చూపులన్నీ ఫోన్లలో ఉంటాయి. ఆ ఫోనులోనే గడియారముంది, వీడియో ఉంది. ముప్ఫై సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేసి రాసుకుంటే చాలు. కుక్కకి పుట్టినరోజు కేకు కోసి ఫొటోలు తీసే చేతికి ఈ పని బరువా?

ఆరోది “తగ్గింది కదా” అని మందు ఆపేయడం. ఇది జ్వరం మాత్ర కాదు, ఐదు రోజులు వాడి మానేయడానికి. నీరు చేరిన గుండెకి మందు జీవితాంతం. అదీగాక లాసిక్స్ ఒక్కటే ఎప్పటికీ చాలదు. నీరు తగ్గేసరికి ఒళ్ళు కంగారుపడి, ఉప్పునీ నీటినీ పట్టి ఉంచే హార్మోన్లని మరింత వదులుతుంది. ఆ హార్మోన్లే గుండెని ఇంకా చెడగొడతాయి. అందుకే ఆ హార్మోన్లకి అడ్డుపడే ఎనలాప్రిల్, బెనజెప్రిల్ లాంటివీ, స్పైరనోలాక్టోనూ జతచేస్తారు. ఇక పిమోబెండాన్ ఉంది. అది మా చేతికి అందని మందు, ఈ తరం అదృష్టం. 2008లో వచ్చిన క్వెస్ట్ అధ్యయనంలో కవాటం జబ్బుతో నీరు చేరిన కుక్కల్లో బెనజెప్రిల్ మీదున్నవాటికి మధ్యస్థ లెక్కన 140 రోజులైతే, పిమోబెండాన్ మీదున్నవాటికి 267 రోజులు దక్కాయి. రెండు గుంపులకీ నీరు తీసే మందు మామూలుగానే ఇచ్చారు. 2016 నాటి ఎపిక్ అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. గుండె పెరిగినా ఇంకా నీరు చేరని కుక్కలకి ముందుగానే పిమోబెండాన్ మొదలుపెడితే, నీరు చేరే రోజు సుమారు 15 నెలలు వెనక్కి జరుగుతుందని చూపించింది. పదిహేను నెలలంటే కుక్క బతుకులో ఎంత కాలం! మేం అలాంటి మందు కోసం మొక్కుకున్నాం. ఇవాళ అది షాపులో దొరుకుతుంటే, ఖర్చు భరించగలిగిన ఇళ్ళలో కూడా సీసా అయిపోయిందనీ, ఊరెళ్ళామనీ మధ్యలో వదిలేస్తున్నారు.

డబ్బులేనివాళ్ళని నేను అనను. వాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. లాసిక్స్ మాత్ర చవకే, దానితోనే కుక్కని నెలలపాటు నిలబెట్టిన పేద ఇళ్ళు నేను చూశాను. ఆ ఇళ్ళలో మాత్ర ఒక్కపూట కూడా తప్పేది కాదు.

ఏడోది రక్తపరీక్ష. ఈ మాత్ర మొదలుపెట్టినా, మోతాదు పెంచినా, వారం పది రోజుల్లో క్రియాటినిన్, పొటాషియం చూసి తీరాలి. రెండు వారాలు దాటనివ్వకూడదు. వేలకి వేలు పోసి స్కానింగు చేయిస్తారు, రంగు బొమ్మలు అందరికీ చూపిస్తారు, ఈ చిన్న పరీక్ష మాత్రం వాయిదా వేస్తారు. మా రోజుల్లో ఆ పరీక్షే లేదు. చర్మం పట్టి లాగి చూసి, చిగుళ్ళు తడిగా ఉన్నాయా లేదా అని వేలు పెట్టి చూసి, ముద్ద తింటోందా అని అడిగి లెక్క కట్టేవాళ్ళం. పరీక్ష ఉండీ చేయించకపోవడాన్ని ఏమనాలి? పైగా కుక్క కుంటుతోందని ఇంట్లో ఉన్న డైక్లోఫెనాకో, ఐబ్యూప్రొఫెనో విరిచి పెట్టేవాళ్ళు పెరిగారు. మనుషుల నొప్పి మాత్రలు మామూలు కుక్కకే ప్రమాదం. లాసిక్స్ మీద, ఎనలాప్రిల్ మీద ఉన్న కుక్కకైతే మూత్రపిండాలే పోవచ్చు.

చివరిగా తిండి. అప్పటి కుక్కలూ మన ఇంటి అన్నమే తినేవి. కానీ మేం ఒక మాట గట్టిగా చెప్పేవాళ్ళం: “ఉప్పూ ఉల్లిపాయా వేయకముందే దాని ముద్ద తీసి పక్కన పెట్టమ్మా.” ఆ తల్లులు పప్పు దించగానే, తాలింపు పెట్టకముందే గిన్నెలోకి తీసేవాళ్ళు. ఇప్పుడు చిప్స్ ముక్క, చీజ్ ముక్క, బిస్కెట్టు, బిర్యానీ బొక్క. మాత్ర ఒకవైపు ఉప్పుని బయటికి పంపుతుంటే, ప్రేమ పేరుతో మరోవైపు ఉప్పు ఎక్కిస్తున్నారు. మాత్ర లోపల పెట్టి మింగించడానికి ఊరగాయ ముద్ద వాడేవాళ్ళని కూడా చూశాను. పెరుగన్నం ముద్దలో పెట్టండి, ఉడికించిన కోడిమాంసం ముక్కలో పెట్టండి. ఉప్పు అక్కర్లేదు.

ఇంతా చెప్పి, మా కాలమే గొప్పదని నేను అనను. మా కాలంలో ఈ జబ్బు వచ్చిన కుక్కలు చాలావరకు నెలల్లోనే పోయేవి. పొట్ట నీటితో ఉబ్బి, మేం సూదితో తీసి, మళ్ళీ ఉబ్బి, మళ్ళీ తీసి, చివరికి చేతులెత్తేసేవాళ్ళం. ఇవాళ జపాన్‌లో కుక్క గుండెని ఆపి, కవాటాన్ని కుట్టి మళ్ళీ కొట్టిస్తున్నారు. మన కుర్ర డాక్టర్లకి నాకంటే ఎంతో ఎక్కువ తెలుసు. స్కానింగులో వాళ్ళు చూసేదాంట్లో పదోవంతు నా చెవికి వినబడేది కాదు. అందుకే నా కోపం. ఇంత చదువూ ఇన్ని సాధనాలూ చేతిలో ఉండగా, కుక్క పక్కన కూర్చునే ఓపిక ఒక్కటీ జారవిడుచుకుంటే ఎలా? ఈ మందు ఎక్కువైతే మూత్రపిండాలు ఎండుతాయి, తక్కువైతే ఊపిరితిత్తులు మునుగుతాయి. ఆ రెంటికీ మధ్యనున్న సన్నని దారిని రోజూ చూసి సర్దాలి. ఆ పని యంత్రం చేయదు, ఇంటిమనిషి చేయాలి, డాక్టరు అడగాలి.

కుర్ర డాక్టర్లకి నా మాట ఇది: చీటీ రాశాక ఇంకో ఐదు నిమిషాలు కూర్చోండి. నీళ్ళ గిన్నె తీయవద్దని చెప్పండి, ఊపిరి లెక్కపెట్టడం చేసి చూపించండి, రక్తపరీక్ష తేదీ చీటీ మీదే రాయండి, మర్నాడు మీరే ఫోను చేసి ఉచ్చ పోసిందా అని అడగండి.

గుండెజబ్బు కుక్క ఉన్న ఇంటివాళ్ళకి ఇంకో మాట. మాత్ర డాక్టరు చెప్పిన కొలతే వేయండి, మీ అంతట మీరు పెంచవద్దు, ఆపవద్దు, మార్చవద్దు. ఈ రాత్రి నుంచే అది నిద్రపోయాక ఊపిరి లెక్కపెట్టి, గోడ క్యాలెండరులో తేదీ పక్కన అంకె వేయండి. ముప్ఫై దాటి నిలిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు.